నురుగు ఊయల

పాఠ్యభాగ పరిచయం

అల్పప్రాణుల జీవనంలో దాగి ఉన్న ప్రకృతి రహస్యాలను తెలిపే వైజ్ఞానిక వ్యాసం ఇది. మంగళగిరి ప్రాంతపు ఇళ్లలో తరచుగా కనిపించే చెట్టుకప్ప తన సంతానాన్ని ఏ విధంగా కాపాడుకొంటున్నదో, మధ్య అమెరికా వర్షారణ్యాలలోని విషకప్ప అదే కార్యాన్ని ఎంత భిన్నంగా నిర్వహిస్తున్నదో ఈ పాఠం వివరిస్తుంది.

పాఠ్యభాగం

చెరువు నిండితే కప్పలు చేరుతాయన్నది తెలుగువారికి శతకాల కాలం నుంచీ పరిచితమైన మాట. సంపద కలిగినవాని ఇంటికి బంధువులు రావడాన్ని సుమతీ శతకకర్త, నిండిన చెరువుకు వేలాదిగా కప్పలు చేరడంతో పోల్చాడు. ఆ పోలికలో లోకరీతి మీద విసురు ఉన్నది. దానితోపాటు చక్కని ప్రకృతి పరిశీలన కూడా ఉన్నది. నిన్నటిదాకా బీటలు వారిన నేల, ఒక్క రాత్రి వాన, తెల్లవారేసరికి బెకబెకలతో మారుమోగే చెరువు. ఆ వేల కప్పలు ఎక్కడినుంచి వచ్చాయి? ఎందుకు వచ్చాయి? కవి ఉపమానం చెప్పి ఊరుకొన్నాడు. ఈ ప్రశ్నలకు సమాధానం వెదకడం శాస్త్రం పని. బంధువులు విందుకు వస్తారేమోగాని, కప్పలు చెరువుకు విందు కోసం రావు. సంతానం కోసం వస్తాయి.

కప్పకూ వానకూ గల సంబంధం మన సాహిత్యానికి కొత్త కాదు. ఋగ్వేదం ఏడవ మండలంలోని 103వ సూక్తాన్ని మండూకసూక్తమంటారు. దాని ద్రష్ట వసిష్ఠుడు. ఏడాది పొడుగునా వ్రతం పట్టినట్లు మౌనంగా పడి ఉండి, పర్జన్యుని రాకతో ఒక్కసారిగా గొంతు విప్పే కప్పలను ఆ సూక్తం వర్ణిస్తుంది. వానలు మొగం చాటేసిన ఏడాది రోకలికి కప్పను కట్టి, వేపమండలు చుట్టి, ఇంటింటికీ తిప్పి, ఇల్లాండ్రచేత నీళ్లు పోయించే 'కప్పతల్లి' ఆచారం తెలుగు పల్లెలలో ఉన్నది. వేదఋషి గుర్తించిన సంబంధాన్నే పల్లెబాలుడూ గుర్తించాడు. అయితే కప్ప వాన కోసం అరవదు. వాన వచ్చిందని అరుస్తుంది. ఆ అరుపు మగకప్పది. గొంతు కింది సంచిని గాలితో ఉబ్బించి అది ఆడకప్పను పిలుస్తుంది. వానకాలపు రాత్రి మనకు రణగొణధ్వనిగా వినిపించేది నిజానికి ఒక పెళ్లిపిలుపు.

పెంకు లేని గుడ్డు

కప్ప నీటికోసం ఇంతగా ఎదురుచూడటానికి కారణం దాని గుడ్డు. కోడిగుడ్డుకు పెంకు ఉన్నది. ఆ పెంకు లోపలి తేమను బయటికి పోనీయదు. అందుచేత కోడి తన గుడ్లను పొడినేల మీద, గడ్డిపరుపు మీద పెట్టి పొదగగలదు. కప్పగుడ్డుకు పెంకు లేదు. పారదర్శకమైన జిగురుపొర మాత్రమే దానికి రక్ష. ఎండ తగిలితే ఆ పొర ఎండిపోతుంది. లోపలి పిండం నశిస్తుంది. గుడ్డునుంచి వెలువడే తోకకప్ప చేపవలె మొప్పలతో శ్వాసిస్తుంది. కాళ్లు మొలిచి, తోక కరిగి, ఊపిరితిత్తులు ఏర్పడేవరకు అది నీటిని విడిచి బతకలేదు. నేలమీద తిరగడం నేర్చినా కప్పజాతి తన శైశవాన్ని నీటికే తాకట్టు పెట్టింది.

పోనీ, గుడ్లు నీటిలో పెడితే చాలునా అంటే, అక్కడా సుఖం లేదు. పెద్ద చెరువులో చేపలుంటాయి. తూనీగల డింభకాలు, నీటితేళ్లు పొంచి ఉంటాయి. చిన్న గుంటలో చేపల భయం తక్కువే, కాని అది ఏ రోజున ఎండిపోతుందో తెలియదు. చేపలున్న లోతునీరు ఒకవైపు, నిలకడలేని చిరునీరు మరొకవైపు. ఈ రెండు ఆపదల నడుమ సంతానాన్ని దక్కించుకోవడమే ప్రపంచంలోని కప్పలన్నిటి ముందున్న సమస్య. ఒక్కొక్క జాతి ఒక్కొక్క ఉపాయంతో దానిని పరిష్కరించుకొన్నది.

నల్లరేగడి నేల

పానకాల నరసింహస్వామి కొలువైన మంగళగిరి కొండ చుట్టూ విస్తరించి ఉన్నది ప్రధానంగా నల్లరేగడి నేల. గుంటూరు, ప్రకాశం జిల్లాల ప్రత్తికీ మిరపకూ ఆధారమైన నేల అదే. వేసవిలో అది చేయి పట్టేటంత బీటలు వారుతుంది. వాన కురిస్తే బీటలు పూడుకొని, నీటిని తొందరగా ఇంకనీయక రోజుల తరబడి నిలుపుతుంది. జూన్ మాసంలో నైరుతి ఋతుపవనాలు ప్రవేశించగానే పొలంగట్ల వెంట, బండ్లదారుల గాడుల్లో, కాలువగట్ల పల్లాల్లో లెక్కలేనన్ని చిరుగుంటలు వెలుస్తాయి. నేతపని వారి గుంటమగ్గాలలోకి సైతం ఊటనీరు చేరే కాలమది.

వేసవి అంతా బీటల లోతుల్లో, రాళ్లకింద, చెట్టుతొర్రల్లో, మట్టిలో కూరుకొని గడిపిన కప్పలు అప్పుడు వెలికి వస్తాయి. కవి చూసిన పదివేల కప్పలు ఎక్కడినుంచో వచ్చినవి కావు. అవి అక్కడే, మన కాళ్లకింద ఉన్నవి. వీటిలో బాగా కంటబడేది ఎద్దుకప్ప. జంతుశాస్త్ర ప్రయోగశాలలలో 'రానా టైగ్రినా' అనే పేరుతో తరతరాల విద్యార్థులకు పరిచితమైనది ఇదే. నేటి శాస్త్రనామం హోప్లోబట్రాకస్ టైగరినస్. సంతానకాలంలో మగకప్ప ఒళ్లు నిమ్మపండు పసుపులోకి మారుతుంది. గొంతుసంచులు ముదురు నీలంగా ఉబ్బుతాయి. ఆడకప్ప నిస్సారమైన గుంటలో వేల గుడ్లు పెట్టి వెళ్లిపోతుంది. ఒళ్లంతా పొక్కులుండే గోదురుకప్ప తన నల్లని గుడ్లను పొడవైన జిగురుదండలుగా నీటిమొక్కలకు చుడుతుంది. ఈ రెండింటి ఉపాయం ఒకటే: సంఖ్యాబలం. వేలల్లో కొన్ని బతికినా వంశం నిలుస్తుంది.

గోడమీది కప్ప

ఈ పరిసరాలలోనే మరొక కప్ప ఉన్నది. అది చెరువుకంటె స్నానాలగదిలో ఎక్కువగా కనిపిస్తుంది. వెలిసిన గోధుమరంగు ఒళ్లు, పెద్ద కళ్లు, సన్నని నడుము, వేళ్ల చివర గుండ్రని బిళ్లలు. గోడమూలన కాళ్లు ముడుచుకొని, పగలంతా మట్టిముద్దవలె కదలకుండా కూర్చుంటుంది. చీకటి పడగానే పురుగుల వేటకు బయలుదేరుతుంది. దూకేటప్పుడు తొడల వెనుకభాగాన పసుపుపచ్చని మచ్చలు తళుక్కుమంటాయి. ఇదే చెట్టుకప్ప. 1830లో జాన్ ఎడ్వర్డ్ గ్రే అనే బ్రిటిష్ జంతుశాస్త్రజ్ఞుడు దీనిని మొదట వర్ణించాడు. దీని శాస్త్రనామం పాలిపెడేటస్ మాక్యులేటస్. మాక్యులేటస్ అంటే మచ్చలు కలది అని అర్థం.

ఆంగ్లంలో దీనికి 'చునాం కప్ప' అనే అర్థమిచ్చే పేరున్నది. చునాం అంటే సున్నమే. సంస్కృతంలోని 'చూర్ణం' తెలుగులో 'సున్నం' అయింది. చునాం దానికి సోదరపదం. సున్నం కొట్టిన నున్నని గోడలను అవలీలగా ఎక్కే ఈ ప్రాణికి ఆ పేరు తగినదే. వేలి చివరి బిళ్లలలో తేమ పలుచని పొరగా పరచుకొని, గోడకూ వేలికీ మధ్య పట్టు కలిగిస్తుంది.

నీటిప్రాణి వేసవిలో గోడమీద ఎలా బతుకుతున్నదనే సందేహం సహజం. కప్ప నోటితో నీరు తాగదు. చర్మం ద్వారా పీల్చుకొంటుంది. అదే చర్మం ద్వారా నీటిని కోల్పోతుంది కూడా. ఈ నష్టాన్ని తగ్గించుకొనే నేర్పు చెట్టుకప్పకు ఉన్నది. దాని చర్మగ్రంథులు జిగురుతోపాటు కొవ్వుపదార్థాన్ని స్రవిస్తాయి. ఆ స్రావాన్ని కప్ప తన కాళ్లతో వీపుకూ పక్కలకూ తలకూ పద్ధతిగా పులుముకొంటుంది. 1997లో ప్రచురితమైన ఒక పరిశోధన ఈ అలవాటును వివరించింది. అభ్యంగనం చేసినట్లు ఒంటికి పూత పూసుకొని అది ఎండను తట్టుకొంటుంది. చీపురుకట్టతో తరిమివేసే ఆ నిరపాయ జీవి మన స్నానాలగదికి వచ్చేది కాస్త చెమ్మ కోసమే.

నురుగుగూడు

చెట్టుకప్ప అసలు ప్రజ్ఞ వానకాలంలో బయటపడుతుంది. మగకప్పలు నీటి అంచున కొమ్మల మీదనో గోడల మీదనో కూర్చుండి టకటకమని పిలుస్తాయి. ఆ పిలుపు విని వచ్చే ఆడకప్ప మగదానికంటె పెద్దది. జతకట్టిన తరువాత మగకప్పను వీపున మోసుకొని అది గూటికి చోటు వెదుకుతుంది. ఆ చోటు నీటిలో కాదు, నీటికి పైన. గుంటమీదికి వంగిన కొమ్మ, బావి లోపలి గోడ, సిమెంటు తొట్టి అంచు, నీటి ఒడ్డున గడ్డిదుబ్బు, ఏదైనా సరే. కింద నీరుండాలన్నదే నియమం.

చోటు కుదిరిన తరువాత ఆడకప్ప చిక్కని ద్రవాన్ని స్రవించి, వెనుకకాళ్లతో దానిని చిలుకుతుంది. గృహిణి కవ్వంతో పెరుగు చిలికినట్లు ఆ కాళ్లు లయగా ఆడుతాయి. గాలి కలిసి ద్రవం తెల్లని నురుగుగా పొంగుతుంది. ఆ నురుగులోకే కొన్ని వందల గుడ్లను విడుస్తుంది. మగకప్ప వాటిని ఫలదీకరిస్తుంది. పని ముగిసేసరికి పిడికెడు నురుగుముద్ద కొమ్మకో గోడకో అంటుకొని ఉంటుంది. తల్లిదండ్రులు వెళ్లిపోతాయి. తరువాత కాపలా లేదు, పోషణ లేదు. వాటి ప్రేమ అంతా ఆ గూటి నిర్మాణంలోనే ముగిసింది.

ఆ గూడు చేసే పనులు తక్కువవి కావు. నురుగు పైపొర గాలికి ఆరి గోధుమరంగు పెంకువలె గట్టిపడుతుంది. లోపల తేమ నిలుస్తుంది. పెంకు లేని గుడ్డుకు కప్ప బయటినుంచి పెంకు కట్టిందన్నమాట. నురుగులోని బుడగలు పిండాలకు కావలసిన ప్రాణవాయువును అందిస్తాయి. ఎండవేడి నేరుగా తగలదు. నీటిలోని చేపలకూ డింభకాలకూ గుడ్లు అందవు. కొన్ని రోజులకు పిల్లలు లోపలే పొదగబడుతాయి. అప్పుడు నురుగు అడుగుభాగం కరిగి జారుతుంది. తోకకప్పలు ఒక్కొక్కటిగా కింది నీటిలోకి రాలుతాయి. జీవితంలో అత్యంత బలహీనమైన దశ అప్పటికే గడిచిపోయింది. ఇక ఈదగలవు, దాగగలవు. మరి సుమారు రెండు నెలలకు అవి కాళ్లు మొలిచి గట్టెక్కుతాయి. ఒడిశాలోని ఉత్కళ విశ్వవిద్యాలయానికి చెందిన ప్రియంవదా మహంతి హెజ్మాది, సుశీల్ కుమార్ దత్తా ఈ జీవితచక్రాన్ని పరిశీలించి 1988లో ప్రకటించారు.

నురుగుగూడు కట్టే కప్పలు ఇతర ఖండాలలోనూ ఉన్నాయి. వాటిలో ఒకటి ట్రినిడాడ్ దీవిలోని టుంగారా కప్ప. దాని నురుగుపై స్కాట్లండ్‌లోని స్ట్రాత్‌క్లైడ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ప్రయోగాలు చేసి 2021లో ఫలితాలు ప్రచురించారు. ఆ నురుగులో మందును చేరిస్తే అది ఒక్కసారిగా కాక కొన్ని రోజులపాటు నెమ్మదిగా విడుదలవుతున్నదని వారు గమనించారు. గాయాల చికిత్సకు ఇది మార్గం చూపవచ్చునని భావించారు. కప్ప తన పిల్లల కోసం చిలికిన నురుగు మానవుని గాయానికీ ఉపకరించవచ్చును.

వర్షారణ్యంలోని తల్లి

ఇదే సమస్యను మరొక కప్ప మరొక విధంగా పరిష్కరించింది. నికరాగ్వా, కోస్టారికా, పనామా దేశాల వర్షారణ్యాలలో స్ట్రాబెర్రీ విషకప్ప నివసిస్తుంది. దాని పొడవు సుమారు రెండు సెంటీమీటర్లు. ఎరుపు, నీలం, పసుపు వంటి మెరుపురంగులు దాని ఒంటిమీద కనిపిస్తాయి. ఆ రంగులు అలంకారం కాదు, హెచ్చరిక. దాని చర్మంలో ఆల్కలాయిడ్లనే విషపదార్థాలు ఉంటాయి. ఆ విషం అది స్వయంగా తయారుచేసుకొన్నది కాదు; తినే చీమలనుంచి, సూక్ష్మమైన నల్లులవంటి జీవులనుంచి కూడబెట్టుకొన్నది.

ఈ కప్ప వేల గుడ్లు పెట్టదు. రాలిన ఆకుల మధ్య నాలుగైదు గుడ్లు మాత్రమే పెడుతుంది. అవి ఎండకుండా మగకప్ప తడుపుతూ కాపాడుతుంది. పిల్లలు వెలువడగానే తల్లి వస్తుంది. తోకకప్ప తల్లి వీపుమీదికి ఎక్కుతుంది. వేలెడు కూడా లేని ఆ తల్లి బిడ్డను మోసుకొంటూ చెట్టెక్కుతుంది. అనాస కుటుంబానికి చెందిన మొక్కలు ఆ అడవిలో చెట్లకొమ్మల మీద పెరుగుతాయి. వాటి ఆకుల మొదళ్లలో చెంచాడు వాననీరు నిలుస్తుంది. ఒక్కొక్క మొదట్లో ఒక్కొక్క బిడ్డను విడిచి, కొద్దిరోజులకొకసారి తల్లి మళ్లీ వచ్చి చూస్తుంది. ఆ చెంచాడు నీటిలో ఆహారం ఏముంటుంది? అందుకే తల్లి ఫలదీకరణం చెందని గుడ్లను ఆ నీటిలో విడుస్తుంది. బిడ్డకు అవే అన్నం. నెలన్నరకు పైగా ఈ పోషణ సాగుతుంది. ఈ గుడ్లద్వారా తల్లి తన విషాన్ని సైతం బిడ్డకు అందించి శత్రువులనుంచి కాపాడుతున్నదని 2014లో వెలువడిన పరిశోధన తెలిపింది.

గోదురుకప్పది సంఖ్యాబలం, చెట్టుకప్పది శిల్పనైపుణ్యం, విషకప్పది మాతృసేవ. గుడ్ల సంఖ్య తగ్గినకొద్దీ వాటిపై శ్రద్ధ పెరగడం ఈ మూడింటిలో కనిపించే క్రమం. ఇంత భేదమున్నా మూడింటికీ ఒక సమానధర్మం ఉన్నది. బండిగాడిలో నిలిచిన నీరైనా, బావిగోడకింది నీరైనా, ఆకుమొదటి చెంచాడు నీరైనా, ఎక్కడో ఒకచోట కొంత చిరునీరు కొంతకాలం నిలవాలి. ఈ మూడింటిలో ఏ ఉపాయమూ ఈ అవసరాన్ని తప్పించలేకపోయింది.

లెక్కకు రాని నీరు

నదికి పేరున్నది. చెరువుకు పేరున్నది. గుంటకు పేరు లేదు. అందుచేత అది పోయినప్పుడు పోయిందని చెప్పేవారు ఉండరు. మంగళగిరి పరిసరాలు కొన్నేళ్లుగా వేగంగా మారుతున్నాయి. 2015లో సమీపాన అమరావతి రాజధానికి శంకుస్థాపన జరిగింది. 2021లో మంగళగిరి, తాడేపల్లి పురపాలక సంఘాలు కలిసి నగరపాలక సంస్థగా ఏర్పడినాయి. పల్లపుభూములు మెరకలవుతున్నాయి, మట్టిదారులు సిమెంటు దారులవుతున్నాయి. కొండవీటివాగు వరదనీటిని కృష్ణలోకి ఎత్తిపోసే పథకం 2018లో ప్రారంభమైంది. వరదనుంచి మనుషులనూ పంటలనూ కాపాడటం అవసరమే. అయితే మనిషి దృష్టిలో తొలగించవలసిన నీరు కప్ప దృష్టిలో పురిటిగది. ఈ రెండు సత్యాలూ ఒకేచోట ఉన్నాయి.

నిలిచిన నీరు దోమలకు ఆలవాలమన్న భయమూ సహేతుకమే. దానికి ప్రకృతి చూపిన సమాధానం కొంత ఉన్నది. చెట్టుకప్పకు అతిదగ్గర బంధువైన ఒక కప్పతోపాటు మరికొన్ని జాతుల తోకకప్పలు డెంగ్యూ దోమ గుడ్లను తింటున్నవని శ్రీలంక శాస్త్రజ్ఞులు 2013లో ప్రకటించారు. కాబట్టి ఇంట్లో నీటికుండీకి మూత పెట్టడమూ, పొలంగట్టున గుంటను బతకనివ్వడమూ పరస్పర విరుద్ధాలు కావు.

పంటచేల మందుల విషయమూ ఆలోచింపదగినదే. ప్రత్తి, మిరప పంటలు పురుగులకు సులభంగా లొంగుతాయి. 2021లో నల్లతామర పురుగు మిరపతోటలను దెబ్బతీసినప్పుడు రైతులు పిచికారీమీద పిచికారీ చేయవలసి వచ్చింది. ఆ మందులో కొంత వాననీటితో గట్టుపక్క గుంటలోకి చేరుతుంది. నీటినీ గాలినీ చర్మంద్వారా గ్రహించే ప్రాణికి విషం కూడా అదే దారిన చేరుతుంది. కప్పలు మాత్రమే పంటను కాపాడలేవు. కాని రాత్రంతా పురుగులను ఏరితినే ఆ కూలి అడగని కూలీలను పోగొట్టుకోవడం రైతుకు లాభం కాదు. ఈ సంగతి దేశం ఒకసారి గుర్తించింది. విదేశీయుల విందుల కోసం ఎద్దుకప్పల కాళ్లను మన దేశం ఒకప్పుడు ఏడాదికి వేల టన్నులు ఎగుమతి చేసింది. కప్పలు తరిగిపోవడం గమనించి ప్రభుత్వం 1987లో ఆ ఎగుమతిని నిషేధించింది.

ప్రపంచవ్యాప్తంగా ఎనిమిది వేలకు పైగా ఉభయచర జాతులను పరిశీలించి 2023లో ప్రకటించిన నివేదిక, వాటిలో నూటికి 41 వంతులు అంతరించే ప్రమాదంలో ఉన్నాయని తేల్చింది. చెట్టుకప్ప ఆ జాబితాలో లేదు. సిమెంటు తొట్టిని బావిగాను, స్నానాలగదిని చెట్టుతొర్రగాను భావించి అది మనిషితో సర్దుకొన్నది. కాని ఆ సర్దుబాటుకూ హద్దున్నది. కొమ్మ వంగిన చోట నీరు లేకపోతే, నురుగుగూటినుంచి రాలిన తోకకప్పలు పొడినేలపై పడి ఎండిపోతాయి. తల్లి నిర్మాణంలో లోపం లేకపోయినా సంతానం దక్కదు.

'కూపస్థ మండూకం' అని మనం సంకుచిత దృష్టి గలవారిని పరిహసిస్తాం. బావి తప్ప వేరొక లోకమెరుగదని కప్పకు ఆ నింద. కాని పంచెడు జాగాలో చిన్ననీటి ఆసరాతో వంశాన్ని నిలుపుకొనే కప్ప, ఆ నీటి విలువను ఎరిగినంతగా మనిషి ఎరుగునా అన్నది ఆలోచింపవలసిన విషయం. చెరువు నిండితే కప్పలు చేరుతాయన్న మాట నిజం. ఆ మాట నిజంగా నిలవాలంటే నిండడానికి చెరువుండాలి. చెరువు పక్కన పేరులేని గుంట కూడా ఉండాలి.

అభ్యాసం

అ) ఈ కింది ప్రశ్నలకు సమాధానాలు రాయండి.

1. చెరువు నిండినప్పుడు చేరే కప్పలు ఎక్కడినుంచి వస్తాయి? ఎందుకు వస్తాయి?
2. కోడిగుడ్డుకూ కప్పగుడ్డుకూ గల భేదాన్ని తెలిపి, దాని ఫలితాన్ని వివరించండి.
3. నురుగుగూడు గుడ్లను ఏయే ఆపదలనుంచి కాపాడుతుంది?
4. గోదురుకప్ప, చెట్టుకప్ప, విషకప్పల సంతాన రక్షణ విధానాలను పోల్చి రాయండి.
5. 'మనిషి దృష్టిలో తొలగించవలసిన నీరు కప్ప దృష్టిలో పురిటిగది' – ఈ వాక్యాన్ని మీ ఊరి పరిసరాలకు అన్వయించి చర్చించండి.

ఆ) ఈ కింది పదబంధాలను సొంతవాక్యాలలో ప్రయోగించండి.

మొగం చాటేయు, సంఖ్యాబలం, కూపస్థ మండూకం, గట్టెక్కు.